షుగర్ ఉన్న పిల్లల మనసు సంగతి ఎవరు చూడాలి?

క్లినిక్‌లో డాక్టర్ టేబుల్ మీద ఒక నోట్‌బుక్ తెరిచి ఉందనుకోండి. పదమూడేళ్ల పిల్లాడిది, మూడు నెలల షుగర్ రీడింగులు రాసుకున్న పుస్తకం. 110, 125, 118, 130, 120, ఇలా పేజీలకి పేజీలు. అన్నీ ఒకే పెన్నుతో ఒకే ఊపులో రాసినట్టున్నాయి, ఎక్కడా కొట్టివేత లేదు, వేలికి గుచ్చుకున్నప్పుడు అంటుకునే చిన్న రక్తం మరక కూడా ఒక్క కాగితం మీద లేదు. పక్కనే ల్యాబ్ రిపోర్ట్, అందులో రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చూపించే హెచ్‌బీఏ1సీ 10.2. నోట్‌బుక్‌లో అంకెలు నిజమైతే అది 6కి కాస్త అటూ ఇటూ రావాలి, 10.2 వచ్చిందంటే ఈ మూడు నెలల సగటు షుగర్ 245 దరిదాపుల్లో ఉన్నట్టు లెక్క. నాన్న తల దించుకున్నాడు, అమ్మ పిల్లాడి వైపు చూస్తోంది, పిల్లాడు గోడ వైపు చూస్తున్నాడు.

ఇప్పుడు ఆ గదిలో పెద్దవాళ్ల నోటి నుంచి వచ్చే మొదటి మాట చాలా ముఖ్యం. "ఎందుకు అబద్ధాలు రాశావ్?" అన్నారంటే వాడు ఇంకోసారి ఇంకా తెలివిగా రాస్తాడు, 130 పక్కన ఒక 190 కూడా పెడతాడు నమ్మకం కలగడానికి. అలా కాకుండా "ఇంత కూర్చుని రాశావంటే నీకు ఈ అంకెలంటే ఎంత భయంగా ఉందో అర్థమవుతోంది, పర్లేదు, మీటర్‌లో ఏముందో ఇద్దరం కలిసి చూద్దామా" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి కథ వేరే దారి పడుతుంది. ఆ పిల్లాడికి 280 వచ్చిన ప్రతిసారీ ఇంట్లో మొహాలు మారిపోయాయి, "ఏం తిన్నావ్?" అన్న ప్రశ్న పడింది, అందుకే వాడు అంకెని దాచడం నేర్చుకున్నాడు. ఇది క్రమశిక్షణ సమస్య కింద చూస్తే పరిష్కారం దొరకదు. అలాగని కేవలం మానసిక సమస్య అనేసి సైకాలజిస్ట్ గదికి పంపించేసినా దొరకదు, ఎందుకంటే ఆ మొహాలు మారింది ఇంట్లో, క్లినిక్‌లో, స్కూల్లో. పిల్లాడి మనసు సంగతి చూడాల్సింది వైద్యం చేసే టీమ్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ, అదీ జబ్బు బయటపడ్డ మొదటి రోజు నుంచే, ఈ వ్యాసంలో చెప్పాలనుకున్నది అదే.

ముందు జబ్బు గురించి కొంచెం. పిల్లల్లో ఎక్కువగా కనిపించేది టైప్ 1 డయాబెటిస్. సొంత ఒంట్లోని రోగనిరోధక శక్తే దారి తప్పి పాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారు చేసే బీటా కణాలని చంపేస్తుంది, ఇక బయటి నుంచి ఇన్సులిన్ ఇవ్వకపోతే బతకడం కుదరదు. స్వీట్లు ఎక్కువ తినడం వల్ల వచ్చేది కాదు, పెంపకంలో లోపం వల్ల వచ్చేది అసలే కాదు, అయినా ఈ మాట తల్లిదండ్రులకి ఒకసారి చెప్తే సరిపోదు, ఎందుకంటే మొదటి వారంలో చెప్పింది ఏదీ సరిగ్గా బుర్రకెక్కదు, పిల్లవాడు ఐసీయూలో ఉన్నప్పుడు విన్న మాట గుర్తుండదు. రెండో విజిట్‌లో, ఆరో నెలలో మళ్లీ చెప్పాలి. చాలామంది తల్లులు ఏళ్ల తరబడి "నేనే ఏదో తప్పు చేశాను" అనుకుంటూ ఉంటారు, పైకి అనరు అంతే.

1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఈ పిల్లల్ని దాదాపు పస్తులుంచి కొన్నాళ్లు నెట్టుకురావడం తప్ప డాక్టర్ల చేతిలో ఏమీ ఉండేది కాదు. ఇన్సులిన్ వచ్చాక చావు తప్పింది, కానీ దాని బదులు జీవితకాలం పని వచ్చిపడింది, అదీ హాస్పిటల్లో నర్సులు చేసే పని కాదు, ఇంట్లో అమ్మానాన్నా పిల్లాడూ చేసుకోవాల్సిన పని. రోజుకి నాలుగైదు సూదులు లేదా ఒంటికి తగిలించుకుని ఇన్సులిన్ ఎక్కించే పంప్, తినే ముందు షుగర్ చూడటం, తినబోయేదాంట్లో కార్బ్, అంటే పిండిపదార్థం, ఎంతో లెక్కేయడం, ఆటకి వెళ్లే ముందు మళ్లీ చూడటం, జ్వరం వస్తే ఇంకో లెక్క, రాత్రి పడుకునే ముందు ఇంకో లెక్క. పైగా ఇంత చేసినా అంకె మాట వినదు. నిద్ర సరిగ్గా లేకపోయినా, పరీక్ష టెన్షన్ ఉన్నా, ఎదిగే వయసు హార్మోన్లు ఉన్నా షుగర్ పెరుగుతుంది. అన్నీ సరిగ్గా చేసిన రోజు 260, ఏమీ పట్టించుకోని రోజు 130 వస్తే ఏ మనిషికైనా "ఎందుకీ తంటా" అనిపించదా? పెద్దవాళ్లకే అనిపిస్తుంది, పదేళ్ల పిల్లలకి అనిపించడంలో వింతేముంది.

మనసుకీ షుగర్‌కీ లింక్ రెండు దారుల్లో ఉంటుంది. ఒకటి నేరుగా, టెన్షన్ పడినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి హార్మోన్లు రక్తంలో గ్లూకోజ్‌ని పెంచుతాయి. రెండోది ప్రవర్తన ద్వారా, దిగులుగా ఉన్నవాడు చెక్ చేసుకోడు, డోస్ మర్చిపోతాడు, లేదా ఎవరూ చూడకుండా తింటాడు. ఇది తిరిగి మనసు మీద పడుతుంది, ఎందుకంటే షుగర్ 300 దాటినప్పుడు ఒళ్లంతా బరువుగా, చిరాగ్గా ఉంటుంది, 60కి పడిపోయినప్పుడు వణుకు, కోపం, ఏడుపు వస్తాయి. అందుకే ఇంట్లో జరిగే గొడవల్లో ఎన్ని నిజం గొడవలో ఎన్ని షుగర్ గొడవలో విడదీయడం కష్టం. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి, కోపంగా ఉన్న పిల్లని చూసి ప్రతిసారీ "షుగర్ చూసుకో ముందు" అనడం కూడా బాధపెడుతుంది, మామూలు పిల్లలకి ఉన్నట్టే వీళ్లకీ కోపం తెచ్చుకునే హక్కు ఉంది కదా.

ఇక టీమ్ విషయం. 1993లో డీసీసీటీ అనే పెద్ద స్టడీ ఫలితాలు వచ్చాయి. అమెరికా, కెనడాల్లో 13 నుంచి 39 ఏళ్ల వయసున్న 1,441 మంది టైప్ 1 వాళ్ల మీద చేశారు. షుగర్‌ని గట్టిగా అదుపులో పెట్టిన గ్రూప్‌లో, అంతకుముందు కంటి సమస్య లేనివాళ్లలో, రెటీనా దెబ్బతినే రిస్క్ 76 శాతం తగ్గింది. అందరికీ ఈ అంకె గుర్తుంది, డాక్టర్లు పేషెంట్లకి చెప్పేది కూడా ఇదే. గుర్తు లేనిదేంటంటే ఆ గ్రూప్‌ని అలా నిలబెట్టింది ఎలా అన్నది. వాళ్లు నెలకోసారి క్లినిక్‌కి వచ్చేవాళ్లు, మధ్యలో తరచూ ఫోన్‌లో మాట్లాడేవాళ్లు, నర్సు, డైటీషియన్, డాక్టర్, మానసిక నిపుణులు ఒక టీమ్‌గా వెంట ఉన్నారు. అంటే గెలిచింది ఇన్సులిన్ డోసులు ఒక్కటే కాదు, ఆ మనుషులు కూడా. ఇంత అండ ఉండి కూడా టీనేజ్ పిల్లల సగటు హెచ్‌బీఏ1సీ 8 దగ్గర ఆగింది, పెద్దవాళ్లది 7 దగ్గరికి వచ్చింది. ఈ ఒక్క తేడా చాలు, టీనేజ్‌లో షుగర్ సంగతి పట్టుదల ఒక్కదాంతో తేలేది కాదని అర్థం కావడానికి.

దీనికి శరీరంలోనే ఒక కారణం ఉంది. యుక్తవయసులో గ్రోత్ హార్మోన్ పెరగడం వల్ల ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, అదే డోస్‌కి నిన్న వచ్చిన రిజల్ట్ ఇవాళ రాదు. 1986లోనే ఈ విషయం పరిశోధనలో చూపించారు. కానీ ఎన్ని క్లినిక్కుల్లో పన్నెండేళ్ల పిల్లకి, వాళ్ల అమ్మకి ఇది ముందుగా చెప్తారు? "వచ్చే రెండు మూడేళ్లు నీ ఒంట్లో ఇన్సులిన్ అవసరం పెరుగుతుంది, అంకెలు ఎగిరెగిరి పడతాయి, అది నీ తప్పు కాదు, మనం డోస్ మార్చుకుంటూ పోదాం" అని ముందే చెప్తే ఎన్ని ఇళ్లలో ఎన్ని గొడవలు ఆగేవో.

హ్విడోర్ అని డెన్మార్క్‌లో ఒక పెద్ద భవనం, దాని పేరుతోనే ఒక పరిశోధన గ్రూప్ ఉంది. చాలా దేశాల పిల్లల డయాబెటిస్ సెంటర్లని పక్కపక్కన పెట్టి పోల్చడం వాళ్ల పని. 1990ల నుంచి చూస్తున్నారు, ఒక సెంటర్‌కీ ఇంకో సెంటర్‌కీ సగటు హెచ్‌బీఏ1సీలో పెద్ద తేడా ఉంటోంది, ఏళ్లు గడిచినా ఆ తేడా పోవట్లేదు. ఏ ఇన్సులిన్ వాడుతున్నారు, రోజుకి ఎన్ని సూదులు అని చూస్తే దాంతో ఆ తేడా తేలలేదు. 2010లో వాళ్లు బయటపెట్టిన పేపర్‌లో ఒక ఆసక్తికరమైన విషయం ఉంది, టీమ్‌లోని అందరూ ఒకే టార్గెట్ చెప్పే సెంటర్లలో, ఆ టార్గెట్ స్పష్టంగా ఉన్న చోట పిల్లల షుగర్ మెరుగ్గా ఉంది. అంటే డాక్టర్ ఒక అంకె, నర్సు ఒక అంకె, డైటీషియన్ ఇంకో అంకె చెప్పే చోట పిల్లలు వెనకబడ్డారు.

పైకి ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ ఒక తల్లి వైపు నుంచి చూడండి. పొద్దున డాక్టర్ "తినే ముందు 150 లోపు ఉంటే చాలు" అన్నాడు. పక్క గదిలో డైటీషియన్ "స్నాక్స్ మానేయండి, మూడు పూటలా టైమ్‌కి తినాలి" అంది. ఇంకో గదిలో, షుగర్‌ని ఎలా చూసుకోవాలో నేర్పే ఎడ్యుకేటర్ "ఏం తిన్నా పర్లేదు, కార్బ్ లెక్కేసి ఇన్సులిన్ వేస్తే సరి" అంది. ముగ్గురూ తమ తమ లెక్కలో కరెక్టే కావచ్చు, కానీ ఇంటికొచ్చాక ఆ తల్లి చేతిలో మూడు కాగితాలున్నాయి, సాయంత్రం స్కూల్ నుంచి వచ్చిన పిల్లాడు ఆకలి అంటున్నాడు, ఇప్పుడు పెట్టాలా వద్దా? పెడితే డైటీషియన్ మాట తప్పినట్టు, పెట్టకపోతే పిల్లాడు ఏడుపు. ఆవిడకి ఏది చేసినా తప్పు చేసినట్టే ఉంటుంది. ఇలాంటప్పుడు పిల్లలు కూడా తెలివైనవాళ్లు, ఎవరి మాట తమకి అనుకూలంగా ఉందో ఆ మాటే పట్టుకుంటారు, అప్పుడు ఇంట్లో అమ్మకీ నాన్నకీ కూడా మాట తేడా వస్తుంది.

అందుకే టీమ్ అంటే ఒక బిల్డింగ్‌లో నలుగురు స్పెషలిస్టులు ఉండటం అనుకుంటే పొరపాటు. పిల్లాడు లోపలికి రాకముందు ఆ నలుగురూ పది నిమిషాలు కూర్చుని "ఈసారి ఈ ఇంటికి మనం చెప్పే ఒక్క విషయం ఏంటి" అని అనుకుంటే అది టీమ్. ఒక్క విషయమే, ఐదు కాదు. ఈ మూడు నెలలు మధ్యాహ్నం డోస్ ఒక్కటి మిస్ కాకుండా చూసుకుందాం, మిగతావి తర్వాత అని తేల్చుకుంటే, ఆ మాట డాక్టర్ చెప్పినా నర్సు చెప్పినా ఒకేలా ఉంటే, ఇంట్లోవాళ్లకి ఊపిరి ఆడుతుంది. పిల్లల డయాబెటిస్ మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఇస్పాడ్ తన గైడ్‌లైన్స్‌లో పిల్లల డాక్టర్, డయాబెటిస్ నర్సు లేదా ఎడ్యుకేటర్, డైటీషియన్, సోషల్ వర్కర్, సైకాలజిస్ట్ ఉన్న టీమ్ కావాలని రాస్తుంది, పిల్లాడినీ కుటుంబాన్నీ ఆ టీమ్ మధ్యలోనే ఉంచుతుంది. కాగితం మీద అందరూ ఒప్పుకుంటారు. ఆ పది నిమిషాల మీటింగ్‌కే టైమ్ దొరకదు.

సైకాలజిస్ట్‌ని ఎప్పుడు పరిచయం చేయాలి అన్నదానికి జవాబు మొదటి వారంలోనే. దీనికి కారణం చాలా మామూలుది. రెండేళ్లు ఎవరూ పంపకుండా, మూడో ఏట షుగర్ పాడయ్యాక "మీరొకసారి సైకాలజిస్ట్‌ని కలవండి" అంటే పిల్లలకి అది శిక్షలా వినిపిస్తుంది, తల్లిదండ్రులకి "మా పిల్లకి మెంటల్ అంటున్నారా" అన్నట్టు ఉంటుంది. అదే మొదటి వారంలో డైటీషియన్‌ని కలిసినట్టే సైకాలజిస్ట్‌ని కూడా కలిస్తే, ప్రతి ఇంటికీ ఇదే పద్ధతి అని చెప్తే, తర్వాత ఎప్పుడు అవసరం వచ్చినా తెలిసిన మనిషి దగ్గరికి వెళ్లినట్టే ఉంటుంది.

ఇక్కడ రెండు విషయాలు కలిపేయకూడదు. డిప్రెషన్ వేరు, డయాబెటిస్ డిస్ట్రెస్ వేరు. డిస్ట్రెస్ అంటే ఈ జబ్బుతో వేగలేక వచ్చే విసుగు, భయం, ఒంటరితనం, "ఎంత చేసినా ఇంతే" అన్న నిస్పృహ. 1995లో విలియం పొలాన్‌స్కీ బృందం దీన్ని కొలవడానికి ఒక ప్రశ్నల పట్టిక తయారు చేశారు, తర్వాత టీనేజర్లకి, చిన్నపిల్లలకి, తల్లిదండ్రులకి వేరే వేరే రకాలు వచ్చాయి. డిస్ట్రెస్ ఉన్న పిల్ల స్కూల్లో నవ్వుతూనే ఉంటుంది, ఫ్రెండ్స్‌తో ఆడుతుంది, మీటర్ చూస్తే మాత్రం మొహం వాడిపోతుంది. ఈ పిల్లకి ముందు కావాల్సింది జబ్బు బరువు కొంత పంచుకునే మనిషి, డిప్రెషన్ మందులు కాదు. డిప్రెషన్ ఉన్నవాళ్లకి మాత్రం మానసిక వైద్యుడి దగ్గర పూర్తి చికిత్స కావాలి, దాన్ని "షుగర్ వల్లే అలా ఉంది" అని తీసిపారేయకూడదు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఏడెనిమిదేళ్ల వయసు నుంచే డిస్ట్రెస్ గురించి అడగమంటుంది, తిండికి సంబంధించిన మానసిక సమస్యల గురించి 10 నుంచి 12 ఏళ్ల మధ్య మొదలుపెట్టమంటుంది, 12 ఏళ్లు దాటాక ప్రతి విజిట్‌లో కొంచెంసేపు పిల్లలతో తల్లిదండ్రులు లేకుండా మాట్లాడమంటుంది.

ఆ తిండి సమస్య గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు కాబట్టి ఇక్కడ రాయాల్సిందే. ఇన్సులిన్ వేసుకోకపోతే బరువు తగ్గుతారు, తిన్న గ్లూకోజ్ చాలావరకు మూత్రంలో పోతుంది. జబ్బు బయటపడ్డప్పుడు సన్నబడ్డ పిల్ల, ఇన్సులిన్ మొదలయ్యాక మళ్లీ బరువు పెరిగిన పిల్ల, ఈ లెక్క తనంతట తానే కనిపెట్టేస్తుంది. అప్పుడు డోస్ తగ్గించడం, మానేయడం మొదలవుతుంది. ఇది ప్రాణాంతకం, కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్లు పెరిగి, రక్తం ఆమ్లంగా మారే డీకేఏ అనే ప్రమాద స్థితిలోకి వెళ్లిపోతారు. హెచ్‌బీఏ1సీ కారణం లేకుండా ఎగబాకుతున్నా, డీకేఏతో పదే పదే అడ్మిట్ అవుతున్నా, బరువు చూస్తామంటే వద్దంటున్నా టీమ్‌లో ఎవరికైనా అనుమానం రావాలి. అడిగే పద్ధతిలోనే అంతా ఉంది. "ఇన్సులిన్ మానేస్తున్నావా?" అంటే "లేదు" అనే వస్తుంది. "వారంలో కొన్ని డోసులు తప్పిపోవడం చాలామందికి జరుగుతుంది, నీకు పోయిన వారం ఎన్ని తప్పి ఉంటాయి?" అంటే కొంతమంది పిల్లలు ఆగి, ఆలోచించి, "నాలుగో ఐదో" అంటారు. ఆ ఒక్క జవాబు వచ్చాక మొహం మార్చుకోకుండా "చెప్పినందుకు థాంక్స్" అనగలిగితే తర్వాతి ప్రశ్న అడగొచ్చు.

ఇంటి సంగతికొద్దాం, అసలు పని జరిగేది అక్కడే. స్కూల్ నుంచి పిల్ల వస్తుంది, చెప్పులు విప్పకముందే "ఎంత ఉంది?" అని లోపల్నుంచి కేక. "బానే ఉంది." "బానే అంటే ఎంత?" "చూళ్లేదు." "ఎందుకు చూడలేదు, ఎన్నిసార్లు చెప్పాలి నీకు!" తలుపు ధడేల్‌మని పడుతుంది. ఆ తల్లి ప్రేమతోనే అడిగింది, ఆ పిల్ల వినలేక విసుక్కుంది, ఇద్దరిదీ తప్పు లేదు కానీ రోజూ ఇదే జరిగితే అమ్మ అడగడం అంటేనే గొడవ అయిపోతుంది, సాయం చేయబోతే అది బెడిసికొడుతుంది. 1991లో బార్బరా ఆండర్సన్, జేమ్స్ కోయిన్ అనే ఇద్దరు ఈ పరిస్థితి మీద రాశారు. తర్వాత ఆండర్సన్ బోస్టన్‌లోని జోస్లిన్ సెంటర్‌లో ఒక పద్ధతి చేసి చూశారు, 10 నుంచి 15 ఏళ్ల పిల్లలున్న కుటుంబాలతో మామూలు విజిట్‌లకి వచ్చినప్పుడే కాసేపు కూర్చుని డయాబెటిస్ పనులు అమ్మానాన్నా పిల్లలూ ఎలా పంచుకోవాలి, నింద లేకుండా ఎలా మాట్లాడుకోవాలి అన్నది మాట్లాడేవాళ్లు. 1999లో ఆ ఫలితాలు వచ్చాయి, ఆ కుటుంబాల్లో తల్లిదండ్రులు పక్కకి తప్పుకోలేదు, అయినా గొడవలు తగ్గాయి. ప్రత్యేకంగా ఇంకో బిల్డింగ్, ఇంకో అపాయింట్‌మెంట్ లేకుండా విజిట్‌లోనే చేశారన్నదే ఇందులో విలువైన విషయం.

"పెద్దదానివయ్యావ్, ఇక నీ షుగర్ నువ్వే చూసుకో" అనడం చాలా ఇళ్లలో గౌరవం ఇచ్చినట్టు అనుకుంటారు. కానీ అంత బరువు ఒక్కసారిగా దింపేస్తే పిల్లలు కిందపడతారు. సూది వేసుకోవడం చేతకావడం వేరు, మూడొందల అరవై ఐదు రోజులూ గుర్తుపెట్టుకుని వేసుకోవడం వేరు. చేతి పని పదేళ్లకే వస్తుంది, గుర్తుపెట్టుకునే పని పదిహేనేళ్లకి కూడా పూర్తిగా రాదు. మధ్యే మార్గం ఏంటంటే పని పిల్లది, పక్కన ఉండటం పెద్దవాళ్లది. రాత్రి లాంగ్ యాక్టింగ్ (ఎక్కువసేపు పనిచేసే) ఇన్సులిన్ తనే వేసుకుంటుంది, ఆ టైమ్‌లో నాన్న అదే గదిలో ఏదో పని చేసుకుంటూ ఉంటాడు, అంతే. పిల్ల ఇంటికి రాగానే ముందు "ఎలా గడిచింది ఇవాళ?" అని అడిగి, పావుగంట తర్వాత షుగర్ సంగతి ఎత్తడం కూడా పెద్ద మార్పే. అంకె ఎక్కువొస్తే "ఏం తిన్నావ్" బదులు "సరే, ఇప్పుడేం చేద్దాం" అనడం. టెస్ట్ అనే మాట కూడా పక్కన పెట్టి చెక్ అనమంటారు చాలామంది ఎడ్యుకేటర్లు, టెస్ట్‌లో పాస్ ఫెయిల్ ఉంటాయి, చెక్‌లో ఉండవు.

తల్లిదండ్రుల రాత్రుల గురించి డాక్టర్లు అడిగేది చాలా తక్కువ. నిద్రలో షుగర్ పడిపోతే ఎలా అన్న భయంతో అర్ధరాత్రి ఒకసారి, తెల్లవారుజామున మూడింటికి ఒకసారి లేచి చూసేవాళ్లు కోకొల్లలు. ఆ భయం ఎక్కువైతే కావాలనే ఇన్సులిన్ తగ్గించి షుగర్‌ని కాస్త పైన ఉంచుతారు, పొద్దున 220 వస్తే డాక్టర్ కోప్పడతాడు, కానీ 220 వచ్చింది నిర్లక్ష్యం వల్ల కాదు, భయం వల్ల. ఈ తేడా కనిపెట్టే ప్రశ్న ఒక్కటే, "రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు?" ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగాలి, డ్యూటీలో ఉన్న నర్సు అడిగినా చాలు.

ఇప్పుడు ఒంటికి అతికించుకుని షుగర్ కొలిచే సెన్సర్లు వచ్చాయి, ప్రతి ఐదు నిమిషాలకి అంకె ఫోన్లో కనిపిస్తుంది, చాలామందికి నిద్ర తిరిగొచ్చింది కూడా, అది నిజంగా గొప్ప మేలు. కానీ కొత్త తలనొప్పి కూడా తెచ్చింది. క్లాస్‌లో ఉన్న పిల్లాడికి ఆఫీసులో ఉన్న నాన్న నుంచి మెసేజ్, "190 ఉంది, ఏం చేస్తున్నావ్?" ఐదు నిమిషాలకి ఇంకోటి, "ఇంకా పెరుగుతోంది." వాడు ఫోన్ ఆఫ్ చేస్తాడు, లేదా సెన్సరే పీకేస్తాడు. సెన్సర్ పెట్టే రోజే టీమ్ కూర్చుని ఇంట్లోవాళ్లకీ పిల్లాడికీ మధ్య ఒక ఒప్పందం రాయించాలి. 70 కంటే తక్కువైతే వెంటనే ఫోన్, 70 నుంచి 180 మధ్య ఉంటే ఎవరూ మాట్లాడకూడదు, అంతకంటే ఎక్కువైతే ఎంతసేపు ఆగి ఎవరు అడగాలి అన్నది పిల్లాడే చెప్పాలి. మెషిన్ పెట్టడానికి గంట ట్రైనింగ్ ఇస్తారు, ఈ ఒప్పందానికి పావుగంట కూడా ఇవ్వరు, సెన్సర్ సొరుగులోకి చేరేది అందుకే.

మరీ చిన్నపిల్లల సంగతి వేరు, వాళ్లకి సూది భయం, పట్టుకుని పొడిస్తున్నారన్న కోపం. ఏ వేలికి, ఏ చేతికి అన్నది వాళ్లనే ఎంచుకోమనడం, బొమ్మకి ముందు వేయించడం, అబద్ధం చెప్పకుండా "కొంచెం నొప్పి ఉంటుంది, మూడు లెక్కపెట్టేలోపు అయిపోతుంది" అనడం, ఇవన్నీ పిల్లల వార్డు నర్సులకి బాగా తెలుసు. పిల్లలకి హైపో వస్తే, అంటే షుగర్ పడిపోతే, ఏం చేయాలో స్కూల్లో టీచర్‌కి ఒక పేజీ రాసి ఇవ్వడం, క్లాస్ మధ్యలో తినడానికీ టాయిలెట్‌కీ పర్మిషన్ అడగకుండా వెళ్లే వీలు ఇప్పించడం సోషల్ వర్కర్ లేదా ఎడ్యుకేటర్ చూడాలి. జబ్బు లేని అన్నయ్య, చెల్లెలు కూడా అదే ఇంట్లో ఉన్నారని మర్చిపోకూడదు.

పిల్లల మనసు గురించి ఇలా మాట్లాడటం ఒక కోర్సులా ఒకసారి చేసి ఆపేస్తే నిలుస్తుందా? నెదర్లాండ్స్‌లో దీని మీద మంచి పరిశోధన ఉంది. టీనేజర్లు విజిట్‌కి ముందు తమ జీవితం ఎలా ఉందో చిన్న ప్రశ్నల పట్టిక నింపేవాళ్లు, డాక్టర్ షుగర్ రిపోర్ట్‌తో పాటు ఆ జవాబుల గురించి కూడా మాట్లాడేవాడు. 2008లో వచ్చిన ఫలితాల్లో ఆ పిల్లల మానసిక స్థితి మెరుగైంది. తర్వాత ఆ పద్ధతి ఆపేశారు, ఏడాది తిరిగేసరికి ఆ మేలు కాస్తా పోయింది. ఇన్సులిన్ ఆరు నెలలు వేసి ఆపేయరు కదా, దీన్నీ అలాగే చూడాలి.

డబ్బు సంగతి చెప్పకపోతే ఇదంతా మంచి మాటలుగానే మిగిలిపోతుంది. మాట్లాడటానికి బిల్లు ఉండదు, అందుకే హాస్పిటళ్లు దానికి మనుషుల్ని పెట్టవు. 2012లో ఇంగ్లండ్‌లో ఈ లెక్క మార్చారు. పిల్లల డయాబెటిస్ యూనిట్‌కి పూర్తి డబ్బు రావాలంటే ఏడాదికి కనీసం నాలుగు క్లినిక్ విజిట్లు, మధ్యలో ఎనిమిదిసార్లు కాంటాక్ట్, ఏ టైమ్‌లోనైనా సలహా ఇచ్చే ఏర్పాటు, సైకాలజీ సపోర్ట్ అవసరమా అని ఏటా చూడటం తప్పనిసరి అన్నారు. తర్వాతి ఏళ్లలో అక్కడి జాతీయ ఆడిట్‌లో పిల్లల హెచ్‌బీఏ1సీ ఏటికేడు మెరుగుపడుతూ వచ్చింది. దానికి ఈ ఒక్కటే కారణం అనలేం, టెక్నాలజీ కూడా మారింది, కానీ రూల్ పెట్టి డబ్బు దానికి ముడిపెడితే యూనిట్లు మనుషుల్ని తీసుకుంటాయి అన్నది మాత్రం కళ్ల ముందు కనపడింది.

సైకాలజిస్ట్ దొరకని చోట ఏం చేయాలి అంటే చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. యేల్ యూనివర్సిటీలో మార్గరెట్ గ్రే అనే నర్సింగ్ ప్రొఫెసర్ టీనేజర్లని చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, ఇబ్బంది పెట్టే సందర్భాలని నటించి చూపించే పద్ధతి తయారు చేశారు. ఫ్రెండ్ "నువ్వు ఇది తినకూడదు కదా" అన్నప్పుడు ఏమంటావ్, ఆట మధ్యలో షుగర్ పడిపోతే కెప్టెన్‌కి ఎలా చెప్తావ్, ఇలాంటివి. ఆ పిల్లల షుగరూ మెరుగైంది, ధైర్యమూ పెరిగింది. ట్రైనింగ్ తీసుకున్న నర్సులు, ఎడ్యుకేటర్లు ఇది చేయగలరు. ఇంకో దారి డయాబెటిస్ క్యాంపులు, అమెరికాలో 1925 నుంచే ఉన్నాయి. క్లాస్ మొత్తంలో తనొక్కడే సూది వేసుకునే పిల్లాడు, క్యాంపులో భోజనం టైమ్‌కి చుట్టూ ముప్పై మంది ఒకేసారి మీటర్లు తీయడం చూస్తే వాడి భుజాలు కిందికి దిగుతాయి, ఆ పని ఏ డాక్టరూ చేయలేడు. అయితే డిప్రెషన్, ఇన్సులిన్ మానేయడం, చనిపోవాలన్న ఆలోచన లాంటివి కనిపిస్తే మాత్రం నిపుణుల దగ్గరికి పంపాల్సిందే, ఎవరికి పంపాలి, ఆ ఫోన్ నంబర్ ఏంటి అన్నది అవసరం రాకముందే టీమ్ దగ్గర రాసి ఉండాలి.

చివరిగా పద్దెనిమిదేళ్ల గండం. అప్పటిదాకా పేరుపెట్టి పిలిచిన నర్సు, చిన్నప్పటి నుంచి చూసిన డాక్టర్, ఒక్కరోజులో పోతారు, పిల్లాడి చేతిలో పెద్దల క్లినిక్‌కి ఒక లెటర్ మిగులుతుంది. అదే టైమ్‌లో కాలేజీ, హాస్టల్, ఉద్యోగం, మొదటిసారి ఒంటరిగా ఉండటం. చాలామంది ఆ లెటర్ బ్యాగ్‌లో పెట్టుకుని ఏడాదో రెండేళ్లో ఎక్కడికీ వెళ్లరు, తర్వాత కనపడేది ఎమర్జెన్సీలోనే. దీనికి ఏర్పాటు కనీసం ఏడాది ముందు నుంచి మొదలవ్వాలి, మొదటి పెద్దల విజిట్‌కి పాత టీమ్ నుంచి ఒకరు తోడు వెళ్లాలి, ఆ తర్వాత నెల రోజుల్లో ఎవరో ఒకరు ఫోన్ చేసి "వెళ్లావా? ఎలా ఉంది అక్కడ?" అని అడగాలి, వెళ్లలేదంటే తిట్టకుండా ఇంకో డేట్ ఫిక్స్ చేసి పెట్టాలి.